నురుగు నిలవాలంటే

చెక్ దేశంలో మంచి పబ్‌కు వెళ్లి బీరు అడిగితే, కౌంటరు వెనకున్న మనిషి చెయ్యి ముందు కొళాయి మీదికి పోదు, చల్లటి నీళ్ల తొట్టి వైపు పోతుంది. అప్పటికే కడిగి, బోర్లించి, ఆరబెట్టిన మగ్గును ఆ నీళ్లలో మళ్లీ ఒకసారి ముంచి తీసి, విదిలించి, తడితడిగానే కొళాయి కిందికి తెస్తాడు. కొత్తగా చూసేవాళ్లకు ఇది చాదస్తంలా అనిపిస్తుంది. కడిగినదాన్ని మళ్లీ కడగడమేమిటి, పైగా తుడవకుండా పోయడమేమిటి అని. ఆ తడే అతని పనితనంలో మొదటి మెట్టు.

ఈ బీరు పోసేవాణ్ణి అక్కడ వీచెప్నీ అంటారు. మన బార్లలో గ్లాసులు కడిగేది ఒకరు, పోసేది ఒకరు, తెచ్చి బల్ల మీద పెట్టేది ఇంకొకరు. ముగ్గురిలో కడిగే కుర్రాడికే జీతం తక్కువ, మర్యాద ఇంకా తక్కువ. వీచెప్నీల సంప్రదాయంలో గ్లాసు మంచిచెడ్డలు పోసేవాడివే. బీరును కాచేది బ్రూయరే అయినా దాన్ని బీరు చేసేది పోసేవాడే అని చెక్‌లో ఒక నానుడి ఉంది. నన్నడిగితే, పోసేవాడి వంతు పనిలో కొళాయి కంటే తొట్టిదే పెద్ద వాటా. కొళాయి తిప్పే నేర్పు ఎంతున్నా, జిడ్డు గ్లాసులో అదంతా నిమిషంలో కరిగిపోతుంది.

ఇంత పట్టింపు ఊరికే రాలేదు. చెక్ దేశంలోని పిల్సెన్ ఊళ్లో 1838లో బీరు ఎంత చెడిపోయిందంటే, జనం కోపం పట్టలేక పీపాలకు పీపాలు తెచ్చి టౌన్‌హాల్ ముందు పారబోశారు. ఆ అవమానం తర్వాత ఊరివాళ్లే కలిసి కొత్త బ్రూయరీ కట్టించి, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే బ్రూయర్‌ను పిలిపించారు. 1842 అక్టోబరులో అతను కాచిన బీరు బంగారు రంగులో, తేటగా వచ్చింది. ఇవాళ ప్రపంచంలో అమ్ముడుపోయే లాగర్లలో చాలావాటికి మూలం ఆ బీరే. నల్లటి, మడ్డి బీరును మట్టి మగ్గులో తాగినంత కాలం మగ్గు లోపల ఏముందో ఎవరికి పట్టింది? తేట బీరు గాజులోకి వచ్చాక దాచడానికి చోటు లేకపోయింది. పిల్సెన్ ఉన్న బొహీమియా గాజుకు పేరుపడ్డ ప్రాంతం కూడా. అలా బీరుతో పాటు గ్లాసూ పరీక్షకు నిలబడింది.

ఇక నురుగు సంగతి. షాంపేన్ పోయగానే పొంగుతుంది, అంతలోనే కుంగిపోతుంది. బీరు నురుగు నిలుస్తుంది. ఆ నిలకడ బార్లీదీ హాప్ పూలదీ. బార్లీలోంచి వచ్చే కొన్ని ప్రోటీన్లు (ఎల్‌టీపీ1, ప్రోటీన్ జెడ్ వాటిలో ముఖ్యమైనవి) బుడగ చుట్టూ చేరతాయి. వాటిలో నీటిని కోరే భాగాలు, నీటిని తప్పించుకునే భాగాలు రెండూ ఉంటాయి. నీటిని తప్పించుకునేవి బుడగ లోపలి వాయువు వైపు తిరుగుతాయి, మిగతావి బీరులోనే ఉండిపోతాయి. అలా బుడగకొక పలుచటి చర్మం ఏర్పడుతుంది. హాప్స్ నుంచి వచ్చే ఐసో ఆల్ఫా ఆమ్లాలు ఆ ప్రోటీన్లను ఒకదానికొకటి బిగించి కడతాయి. బీరుకు చేదునిచ్చేవీ ఆ ఆమ్లాలే, అవి నురుగులోకి ఎక్కువగా చేరతాయి. వేలితో నురుగు తీసి నాలిక మీద పెట్టుకుంటే కింది బీరు కంటే చేదుగా ఉండేది అందుకే.

జిడ్డు కూడా సరిగ్గా ఆ చర్మంలోనే చోటు వెతుక్కుంటుంది. కొవ్వు అణువులు ప్రోటీన్ల మధ్య చొరబడి పరుచుకున్న చోట పట్టు సడలుతుంది, గోడ పలచబడుతుంది, బుడగ పగులుతుంది. పక్కపక్క బుడగలు కలిసి పెద్దవవుతాయి, పెద్దవి ఇంకా తొందరగా పగులుతాయి. ఇందుకు కంటికి కనిపించేంత జిడ్డు అక్కర్లేదు. పెదవి రంగు, మీసానికి రాసిన నూనె, చేతికి రాసుకున్న క్రీము, తింటున్న చిప్స్, ఏదైనా చాలు. నాలుగు గ్లాసులు ఒకేసారి పట్టుకురావడానికి నాలుగింట్లోనూ నాలుగు వేళ్లు ముంచే మన హోటల్ విద్య సంగతి సరేసరి.

సబ్బు మిగిలితే నురుగు పెరగాలి కదా అని కొందరికి అనుమానం. జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. సబ్బు అణువులు చిన్నవి, చురుకైనవి. బుడగ గోడను ప్రోటీన్ల కంటే ముందే ఆక్రమించేస్తాయి, కానీ ప్రోటీన్లలా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడలేవు. అంచేత సరిగ్గా తొలవని గ్లాసు జిడ్డు గ్లాసంత చెడ్డది. గ్లాసులు తళతళలాడాలని డిష్‌వాషర్లో పోసే ద్రవం ఇంకో ముప్పు. గాజు మీద అది వదిలే పలుచటి పొర కంటికి అందంగానే ఉంటుంది, నురుగును మాత్రం తినేస్తుంది. బీరు గ్లాసు విషయంలో మెరుపు వేరు, శుభ్రం వేరు.

అందుకని మంచి పబ్‌లో బీరు గ్లాసులకు వేరే తొట్టి, వేరే బ్రష్షులు. పాలు తాగిన గ్లాసునూ, ఐస్‌క్రీం కప్పునూ, కూర పళ్లేన్నీ వాటి దరిదాపులకు రానివ్వరు. ముందు గ్లాసులో మిగిలిన బీరును వంపేస్తారు, లేకపోతే కడిగే నీళ్లు తొందరగా పాడవుతాయి. మొదటి తొట్టిలో నూనె పదార్థాలు కలవని డిటర్జెంటు నీళ్లు ఉంటాయి. తొట్టి అడుగున నిలువుగా బిగించిన బ్రష్షుల మీదికి గ్లాసును దించి తిప్పుతారు. లోపలి గోడ, అడుగు, బయటి అంచు అన్నీ ఒకేసారి రుద్దుకుంటాయి. అన్నిటికంటే ఎక్కువ రుద్దాల్సింది అంచునే, పెదవులు తగిలేది అక్కడే కదా. తర్వాత రెండో తొట్టి. అందులో చల్లటి నీళ్లు ఎప్పుడూ పారుతూ, పొంగి పోతూ ఉండాలి. నిలవ నీళ్లలో పది గ్లాసులు ముంచితే పదకొండోది తేలేది సబ్బు నీళ్లలోంచే. ఇక్కడొక చిన్న మెళకువ ఉంది: గ్లాసును అడుగు వైపు నుంచి దించి, తీసేటప్పుడు కూడా అడుగే ముందు పైకి వచ్చేలా తీస్తారు. బోర్లించి ముంచితే లోపల గాలి చిక్కుకుని నీళ్లు అంతటా తగలవు.

ఆరబెట్టడంలోనే చాలామంది చేసిన కష్టమంతా పోగొట్టుకుంటారు. గుడ్డతో తుడిస్తే నూగు అంటుకుంటుంది, గుడ్డలోని జిడ్డూ వాసనా అంటుకుంటాయి. చదునైన బల్ల మీదో రబ్బరు చాప మీదో బోర్లిస్తే లోపల గాలి ఆడక ముక్కవాసన వస్తుంది. కిందనుంచి గాలి తగిలే తీగల అర మీద బోర్లించి, దానంతటదే ఆరనివ్వాలి. అరను వంటగది పొగకూ సిగరెట్ పొగకూ దూరంగా పెట్టాలి, పొగలోనూ జిడ్డుంటుంది.

ఇక పోసే ముందు ఆ చివరి మునక. గాజు మీది దుమ్మునూ, మిగిలిపోయిన డిటర్జెంటు జాడనూ అది తీసుకుపోతుంది. గ్లాసును చల్లబరుస్తుంది. తడిసిన గోడ మీద బీరు జారుతూ దిగుతుంది గనక నురుగు ముతకగా పొంగదు, మీగడలా సన్నగా కడుతుంది. మన బార్లు గ్లాసును ఫ్రీజర్లో పెట్టి మంచు పట్టించి ఇవ్వడాన్ని గొప్ప మర్యాద అనుకుంటాయి. ఆ మంచు గడ్డకట్టిన నీళ్లే. దాని గరుకుకు బీరు అడ్డదిడ్డంగా పొంగుతుంది, కరిగి బీరును పలచన చేస్తుంది, ఫ్రీజర్లోని చేపల వాసన కూడా తోడు తెస్తుంది. తాగేవాడికి మొదటి గుక్కలో చలి తప్ప ఇంకేమీ తెలియదు. కొన్ని బీర్లకు అదే మేలనుకోండి.

గ్లాసు నిజంగా శుభ్రపడిందా అనడానికి మూడు పరీక్షలున్నాయి. మొదటిది నీళ్లది. నీళ్లలో ముంచి పైకెత్తితే నీరు గోడంతా ఒకే పొరగా జారాలి. తామరాకు మీద లాగా బొట్లు బొట్లుగా నిలిచిందంటే అక్కడ జిడ్డున్నట్టే. రెండోది ఉప్పుది. తడి గ్లాసు లోపల సన్న ఉప్పు చల్లితే శుభ్రమైన చోట సమంగా అంటుకుంటుంది, జిడ్డున్న చోట రాలిపోయి మచ్చలు మచ్చలుగా బయటపడుతుంది. మూడోది బీరే పెట్టే పరీక్ష. గుక్క గుక్కకూ గోడ మీద ఒక్కో నురుగు వలయం మిగలాలి. ఖాళీ గ్లాసు మీది వలయాలు లెక్కపెట్టి, తాగినవాడు ఎన్ని గుక్కల్లో ముగించాడో చెప్పవచ్చు.

బీరు పోశాక గోడకు అంటుకుని కదలని బుడగలు కనిపిస్తే అక్కడేదో ఉందని అర్థం. గాలి బుడగ పుట్టడానికి ఏదో ఒక ఆసరా, ఒక నలుసో గీతో కావాలి. ఈ గుణాన్నే కావాలని వాడుకునేవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో చాలా గ్లాసుల అడుగున లేజరుతో చిన్న గరుకు మచ్చ చెక్కుతారు. అక్కడి నుంచి బుడగల తీగ ఆగకుండా పైకి లేచి నురుగును నింపుతూ ఉంటుంది. తెలివైన ఏర్పాటే గానీ, నాకది కొంచెం దొడ్డిదారిలా అనిపిస్తుంది.

శుభ్రమైన గ్లాసు చేతికొచ్చాకే వీచెప్నీ అసలు ఆట మొదలవుతుంది. కొళాయి మూతిని గ్లాసులో దించి, ముందు తడి నురుగు పట్టి, ఆ నురుగు కిందనుంచి బీరు నింపుతాడు. గాలి తగలకుండా నురుగే మూతలా పనిచేస్తుంది. మూడు వేళ్ల మందాన నురుగుండేది హ్లాదింకా. బీరు తక్కువ, నురుగు ఎక్కువ, పైన కాస్త ఖాళీ వదిలేది ష్నిత్. గ్లాసంతా దాదాపు నురుగే ఉండేది మ్లీకో. దాన్ని కరిగిపోకముందే గబగబా తాగాలి, తియ్యగా ఉంటుంది. జిడ్డు గ్లాసులో మ్లీకో పోయడమంటే డబ్బు తీసుకుని ఖాళీ గ్లాసు ఇవ్వడమే.

మన దగ్గర మాత్రం నురుగంటే మోసమనే లెక్క. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలు వచ్చాక కొందరి చూపు మారింది గానీ, మామూలు బార్లో గ్లాసు వాల్చి, చుక్క నురుగు రాకుండా అంచుదాకా నింపడమే నేర్పు. డబ్బిచ్చినవాడి అనుమానం అన్యాయమేమీ కాదు. చెక్, జర్మన్ గ్లాసుల మీద అంచుకు దిగువన ఒక కొలత గీత ఉంటుంది. బీరు ఆ గీత దాకా రావాలి, నురుగుకు దాని పైన చోటు. తగువు ఆ గీతతో తీరిపోయింది. మన బార్లు గ్లాసుల మీద అలాంటి గీత వేయిస్తే మనకూ తీరుతుంది.

నురుగు ఎలా తరుగుతుందో కొలిచినవాళ్లూ ఉన్నారు. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో ఆర్ంట్ లైకె అనే భౌతికశాస్త్రవేత్త ఎర్డింగర్, ఆగుస్టినర్, బుడ్వర్ బీర్ల నురుగు ఎత్తును కాలంతో పాటు కొలిచి, అది రేడియోధార్మిక పదార్థంలా ఘాతీయంగా తరుగుతుందని చూపించాడు. అంటే సమానమైన వ్యవధుల్లో సమానమైన నిష్పత్తిలో తగ్గుతుంది. 2002లో ఆయనకు ఇగ్ నోబెల్ వచ్చింది. నవ్వించడానికి ఇచ్చే బహుమతే అయినా, తరగతిలో ఘాతీయ క్షయం చెప్పడానికి అంతకంటే మంచి ప్రయోగం దొరకడం కష్టం. పిల్లలకు బీరు చూపించే ధైర్యం ఏ మాస్టారికుంటుందనేది వేరే ప్రశ్న.

ఇంట్లో గ్లాసును ఇలా శుభ్రం చెయ్యాలనుకునేవాళ్లకు రెండు తొట్లూ బ్రష్షులూ అక్కర్లేదు. గిన్నెలు తోమే పీచును మాత్రం గ్లాసులో పెట్టకండి. పోపు నూనె, నెయ్యి అందులోకి ఇంకిపోయి ఉంటాయి, ఎంత సబ్బు రాసినా వదలవు. కొత్త స్పాంజి ఒకటి వేరుగా పెట్టుకుని, వేడినీళ్లలో కాస్త వంటసోడా కలిపి, అంచు దగ్గర గట్టిగా రుద్దండి. పారే నీళ్ల కింద మూడు నాలుగు సార్లు తొలిచి, తీగల స్టాండు మీద బోర్లించండి. ఉప్పు చల్లి చూడండి. పోసే ముందు చల్లటి నీళ్లతో మళ్లీ తొలిచి, తుడవకుండా పోయండి. ఆ గ్లాసును పక్కన పెట్టుకోండి, మర్నాడు అందులో పాలు మాత్రం తాగనివ్వకండి.