విద్యార్థి చిత్రములు: కెమెరాకు ముందు కాగితము

పూర్వము మన సమాజముల వార్షికోత్సవములలో పిల్లలు నాటకములాడెడివారు. నేడు చేతిఫోనుతో లఘుచిత్రములు తీయుచున్నారు. సంతోషింపదగినదే. కాని వారికి చిత్రనిర్మాణము నేర్పు పద్ధతియందు మాకొక లోపము కన్పట్టుచున్నది. మొదటి దినముననే కెమెరా చేతికిచ్చి, కథ తరువాత చూచుకొందమనుచున్నారు. తత్ఫలితముగా దృశ్యములు మెండు, కథ మృగ్యము.

మదరాసు స్టూడియోలలో మన పెద్దల మార్గము వేరు. కె. వి. రెడ్డిగారు స్క్రిప్టు సంభాషణలతో సహా సిద్ధము కానిదే చిత్రీకరణకు పూనుకొనెడివారు కారు. ఏ దృశ్యమునకు ఎంత కాలము పట్టునో స్టాప్‌వాచితో ముందే లెక్కగట్టెడివారు. ఫిల్ము ఖరీదైనది గనుక ఆ జాగ్రత్త పడిరనుట సగము సత్యమే. నిడివి నెరిగినవానికే ఏది ఉంచవలెనో, ఏది విడువవలెనో తెలియును.

1957 నాటి ‘మాయాబజార్’కు వారికడ సహాయకులుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారు 1987లో సంభాషణలే లేని ‘పుష్పక విమానము’ను రూపొందించిరి. స్క్రిప్టనగా మాటలు మాత్రమే కాదనుటకు ఇంతకన్న నిదర్శనమేల? మాట లేనిచోట ప్రతి చేష్టయు, ప్రతి చప్పుడును ముందుగా ఆలోచింపవలసినదే.

1960లో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణమున నెలకొన్న పూణె చలనచిత్ర శిక్షణాలయములో దర్శకత్వము, ఛాయాగ్రహణము, శబ్దగ్రహణము, కూర్పు వేర్వేరు విద్యలుగా నేర్పబడుచున్నవి. మన తరగతులలోనో పిల్లలందరును నటులే, శబ్దమును పట్టించుకొనువాడుండడు.

మరియొక మాట. మన పిల్లలు తెలుగు మాటలాడుదురేగాని పలువురు చదువలేరు. అందుచే సంభాషణలను ఇంగ్లీషు లిపిలో వ్రాసి ఇచ్చుచున్నారు. ఆ లిపిలో కలయు, కళయు ఒక్కటే యగును! అక్షరములు నేర్పుటకు ఇంతకు మించిన అదను దొరకునా? తన పాత్ర మాటలను తానే తెలుగున వ్రాసికొనవలెనన్న నియమముంచినచో, పాఠమనిన పారిపోవు పిల్లవాడును పలక పట్టును. హోసూరు బాలుని నోట, బరంపురము బాలిక నోట సినిమా భాష పెట్టనేల? వారింటి అవ్వ పలుకు తెలుగే వ్రాయించవలెను.

పది దినముల తరగతియైనచో ఆరు దినములు కాగితమునకు, రెండు చిత్రీకరణకు, రెండు కూర్పునకు కేటాయింపుడని మా సూచన. చిత్రము బాగుగా రాకపోయినను, ఆ కాగితములు తెలుగున మిగులును.