బ్రిడ్జా, ఇంప్లాంటా: పక్క పళ్లను చూసి తేల్చాల్సిన మాట

కింది దవడ పన్ను ఒకటి పోయింది. ఆ ఖాళీలో బ్రిడ్జి కట్టించుకోవాలా, ఇంప్లాంట్ వేయించుకోవాలా? ఇక్కడికి వచ్చేసరికి మాటంతా ఖర్చు మీదా, ఎన్నేళ్లు మన్నుతుందన్న దాని మీదా నడుస్తుంది. ఇంప్లాంట్‌కు ఖర్చు ఎక్కువే. మన్నిక మాత్రం తేడా తేల్చదు. 2004లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం పదేళ్ల తర్వాత కూడా నోట్లో నిలిచిన బ్రిడ్జిలు సుమారు 89 శాతం. ఒంటి ఇంప్లాంట్ల మీది క్యాపుల గురించి 2012లో వచ్చిన సమీక్ష కూడా ఇంచుమించు అంతే చెప్పింది. అసలు తేడా, చెడితే ఏం పోతుందన్న దగ్గర ఉంది.

బ్రిడ్జి బరువంతా అటూ ఇటూ ఉన్న రెండు పళ్లు మోయాలి. వాటికి క్యాపులు తొడగడానికి చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటర్లు, నమిలే వైపు రెండు మిల్లీమీటర్ల దాకా అరగదీస్తారు. పైకి కనిపించే పన్నులో సగానికి మించి అలా పోతుంది. పోయిన ఎనామిల్ మళ్లీ పెరగదు. కొన్నేళ్లకు లోపలి నరం చచ్చిపోయి రూట్ కెనాల్ దాకా వెళ్లే పళ్లూ ఉన్నాయి. క్యాప్ అంచు చిగురును తాకే చోట పాచి పేరుకుంటే పుచ్చు మొదలవుతుంది. అది క్యాప్ చాటున సాగుతుంది కాబట్టి నొప్పి పుట్టేదాకా తెలియదు. మోసే పన్ను ఒకటి పోతే బ్రిడ్జి మొత్తం తీసేయాలి. ఒక పన్ను ఖాళీ రెండు పళ్ల ఖాళీ అవుతుంది.

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం మర. అది పక్క పళ్ల జోలికి పోదు. టైటానియం ఎముకతో ఏకమైపోతుందని స్వీడన్ పరిశోధకుడు బ్రోనెమార్క్ 1952లో కుందేళ్ల మీద పని చేస్తూ గమనించాడు. 1965లో టైటానియం ఇంప్లాంట్‌ను మనిషి దవడలో అమర్చాడు. అయితే దీనికి చాలినంత ఎముక ఉండాలి. పన్ను తీయించుకుని ఏళ్లు గడిస్తే ఆ ఎముక తరిగిపోతుంది. షుగర్ అదుపులో లేకపోయినా, పొగతాగడం మానకపోయినా అతుక్కోవడం కష్టం. ఇంప్లాంట్‌కు పుచ్చు పట్టదు, నిజమే. కానీ శుభ్రం తప్పితే చుట్టూ చిగురు వాచి ఎముక కరుగుతుంది.

పక్క రెండు పళ్లకూ ఇప్పటికే పెద్ద ఫిల్లింగులో, రూట్ కెనాలో అయి ఉంటే వాటికి ఎలాగూ క్యాపులు కావాలి. అప్పుడు బ్రిడ్జే సరైనది. ఆ రెండూ చెక్కుచెదరని పళ్లైతే మాత్రం, ఎముకా ఆరోగ్యమూ అనుకూలిస్తున్నప్పుడు, వాటిని అరగదీయడం అన్యాయమని గట్టిగా చెబుతాను. ముందు పన్ను పోగొట్టుకున్న పదిహేనేళ్ల పిల్లల సంగతి వేరు. దవడ ఎదుగుదల ఆగేదాకా ఇంప్లాంట్ కూడదు. పక్క పన్ను వెనకవైపు చిన్న రెక్కతో అతికించే మేరీల్యాండ్ బ్రిడ్జి ఉంది. దానికి అరగదీత నామమాత్రం. దాని గురించి తల్లిదండ్రులు తప్పకుండా అడగాలి.

క్యాప్ మెటల్ సిరామిక్‌దా, జిర్కోనియాదా అన్న బేరంలోనే చాలామంది సమయం గడిచిపోతోంది. అది తర్వాతి మాట. ముందు పక్క పళ్ల ఎక్స్‌రే చూపించమని, వాటిలో ఎంత అరగదీస్తారో చెప్పమని డాక్టర్‌గారిని అడగండి. బ్రిడ్జే కట్టించుకుంటే దాని కిందికి వెళ్లే సన్నటి బ్రష్ కొనుక్కుని రోజూ రాత్రి వాడండి.