గస్తీవాని విద్య

యుద్ధము చల్లారిన దేశమున శాంతిని నెలకొల్పుట సైన్యముల వంతని పలువురు తలంతురు గాని, ఆ కార్యమున మిక్కిలి ఓర్పు వలసినది లాఠీ చేతబట్టి వీథివెంట నడచు కానిస్టేబులు వృత్తియే. 1948 సెప్టెంబరు 13న ఆరంభమైన పోలీసు చర్యలో మన సేనలు విజయవాడ దిక్కునుండి నైజాము ఎల్లను దాటెను. ఐదు దినములలో ఆ చర్య ముగిసెను. అయినను నైజాము పక్షపు సాయుధ దళమైన రజాకార్ల భయమున ఇల్లు విడిచినవాడు మరల తన గుమ్మమున నిర్భయముగ నిదురించుట ఐదు దినముల పని కాదు. అది ఠాణాల పని.

నందిగామలోగాని జగ్గయ్యపేటలోగాని అర్ధరాత్రి బజారున గస్తీవానిని గమనింపుడు. అతడు దుకాణపు తాళముపై టార్చి వేసి, ఒకమారు లాగి చూచి, బీటు పుస్తకమున వేళ వ్రాసి సంతకము చేయును. అరుగుపై పరుండిన బాటసారిని కసరక, ఊరు పేరు అడుగును. ఆ అడుగుటలోనే విద్యయంతయు నున్నది.

ఈ విద్యనే మన కేంద్ర రిజర్వు పోలీసు దళపు మహిళలు ఐక్యరాజ్యసమితి పక్షమున 2007లో అంతర్యుద్ధముచే చితికిన లైబీరియాకు కొనిపోయి, 2016 వరకు మన్రోవియా వీథులలో రాత్రింబవళ్లు గస్తీ తిరిగిరి. బాలికలకు ఆత్మరక్షణ నేర్పిరి. వారిని చూచి అచ్చటి స్త్రీలు పోలీసు కొలువునకు ముందుకు వచ్చిరి. తుపాకి భయమును మాత్రమే ఎరిగిన ప్రజకు ఇంతకన్న మేలైన సంస్కరణము వేరొకటి లేదని నా దృఢనిశ్చయము.