పువ్వు రాకముందే పోల్చుకోవాలి

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో తొలకరి పడిన కొద్ది రోజులకే పడావు భూముల్లో, కాలువ కట్టల మీద, పత్తిచేల గెట్ల వెంట వయ్యారిభామ మొలుస్తుంది. కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే. పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు. మన దేశంలో 1950ల మధ్యలో పుణెలో కనిపించింది. దిగుమతి గోధుమలతో వచ్చిందని ఎక్కువమంది చెబుతారు.

పూసిన మొక్కను ఎవరైనా పోల్చుకుంటారు. కొమ్మల చివర గుత్తులుగా, ఐదు మూలలతో, మిరియపు గింజంత తెల్లని పూలుంటాయి. కానీ మొలిచిన నెలరోజులకే పూతకొచ్చే ఈ కలుపు, ఒక్కో మొక్కకు 15,000కు పైగా గింజలు రాల్చగలదు. అందుకే లేత మొక్కను పట్టుకోవడంలోనే అసలు నేర్పు ఉంది. అప్పుడు కాండం కనిపించదు. క్యారెట్ ఆకులా లోతుగా చీలిన ఆకులు నేలకు అతుక్కుని చుట్టూ పరుచుకుంటాయి. తర్వాత లేచే కాండానికి నిలువు గాళ్లు, సన్నని నూగు ఉంటాయి.

మాచిపత్రితో పొరపాటు ఎక్కువ. వినాయక చవితి పత్రికి వెళ్లే పిల్లలకు ఈ తేడా తప్పకుండా నేర్పాలి. మాచిపత్రి ఆకు అడుగున తెల్లని నూగుతో బూడిదరంగు కనిపిస్తుంది, ఆకు ఘాటైన సువాసన ఇస్తుంది. వయ్యారిభామ ఆకుకు ఆ తెలుపూ లేదు, ఆ వాసనా లేదు. అనుమానమున్న ఆకును నలిపి చూడకుండా, తిప్పి చూడటమే మేలు.

వయ్యారిభామలోని విషం పార్థెనిన్. తాకిన అందరికీ వెంటనే దురద పుట్టదు. ఏళ్ల తరబడి కలుపు తీసిన చేతులకు, మెడకు, కనురెప్పలకు ఒకనాడు దద్దుర్లు మొదలై, ఆ తర్వాత మొక్క దగ్గరికి పోయినా తిరగబెడతాయి. ఇన్నాళ్లూ ఏమీ కాలేదన్న ధైర్యం కూలితల్లులకు చేసే కీడు ఇంతా అంతా కాదు. పుప్పొడి కొందరికి ఆయాసం తెస్తుంది. మేతలో కలిస్తే బర్రె పాలు చేదెక్కుతాయి.

ఈ కలుపును అణచడానికి 1984లో బెంగళూరులో వదిలిన మెక్సికో పెంకుపురుగు వానాకాలంలో దీని ఆకులను తింటుంది. ఎండలకు మట్టిలోకి పోతుంది. తంటెపు చెట్లు గుబురుగా పెరిగినచోట వయ్యారిభామ పలచబడుతుంది. అయినా పురుగు మీదే భారం వేయలేం. నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేరుతో పీకాలి. పూయని మొక్కలు ఎరువు గుంతకు పనికొస్తాయి. గింజ పట్టినవాటిని మాత్రం అందులో వేయకూడదు. ఆ ఎరువుతోనే గింజలు చేనుకు చేరతాయి.