బెర్తెలో గ్రంథము - కల్లుకుండ సాక్ష్యము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో చెట్టునుండి దింపిన కల్లు నిలువ ఉన్నకొద్దీ పులియుట ఎల్లరెరిగినదే. అందలి చక్కెర ఆల్కహాలుగాను, గాలి తగిలినకొద్దీ ఆల్కహాలు ఎసిటిక్ ఆమ్లముగాను మారును. ఈ రెండును కలిసి కొంత ఇథైల్ ఎసిటేటు అను ఎస్టరును, నీటిని ఇచ్చును. ఈ చిన్న చర్య ఒక పెద్ద గ్రంథమునకు గీటురాయి కాగలదు.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మార్సెలిన్ బెర్తెలో 1879లో, ఉష్ణరసాయనము పునాదిగా, రసాయన యాంత్రిక శాస్త్రముపై రెండు సంపుటముల గ్రంథమును ప్రకటించెను. అందలి కొలతల సంపద ప్రశంసనీయము. కాని దాని మూలసూత్రమేమి? బయటి శక్తి తోడు లేనప్పుడు, ఏ మార్పువలన అత్యధికమైన వేడిమి వెలువడునో ఆ మార్పే జరుగునని.

దీనికి ఎదురుసాక్షి గ్రంథకర్త సొంత పరిశోధనయే! 1862లో ఆయన, పెయాఁ ద సాఁ-జీల్ కలిసి ఆమ్లమును, ఆల్కహాలును సమాన మోలులుగా కలిపిరి. మూడింట రెండు వంతులు ఎస్టరుగా మారి చర్య ఆగినది. ఎస్టరును, నీటిని కలిపి ఆరంభించినను అక్కడికే చేరును. అనగా మూడింట ఒక వంతు ఎస్టరు విడిపోవును. ఎస్టరు ఏర్పడునప్పుడు వెలువడు వేడిమి మోలుకు సుమారు 3 కిలోజౌళ్ళు మాత్రమే. విడిపోవునప్పుడు అంత వేడిమి గ్రహింపబడును. సూత్రమే నిజమైతే ఈ రెండవ చర్య అసలు జరుగరాదు.

లోపించినదేమి? ఎంట్రోపి. నాలుగు పదార్థములు కలగలసి ఉండుటవలన కలుగు లాభమును వేడిమి కొలత చూపజాలదు. వేడిమిని, ఎంట్రోపిని జతపరచు స్వేచ్ఛాశక్తిని గిబ్స్ 1876-78లోను, హెల్మ్‌హోల్ట్జ్ 1882లోను వివరించిరి.

మరల కల్లుకుండకు వత్తము. నూటికి 5 పాళ్ళు ఆల్కహాలున్న కల్లులో ఒక్కొక్క ఆల్కహాలు అణువునకు సుమారు 60 నీటి అణువులుండును. ఈ చర్యకు సమతాస్థిరాంకము సుమారు 4. కావున సమతాస్థితిలో నూరు ఆమ్లపు అణువులలో ఆరింటికి మించి ఎస్టరు కాజాలవు. వేడిమి అదే, మారినది నీటి పాలు మాత్రమే. ఈస్టు జీవులు తమ ఎంజైములతో కొంత ఎస్టరును వేరుగా తయారుచేయును గాని, సమతాస్థితి హద్దును జరుపలేవు.

వేడిమి వెలువడు చర్య తనంత తాను జరుగును, గ్రహించునది జరుగదు అని వల్లించు విద్యార్థి తెలియకయే బెర్తెలో పొరపాటును మోయుచున్నాడు. గ్రంథములోని కొలతలను గౌరవింపవలెను. సూత్రమును మాత్రము కొలతల ముందు నిలబెట్టి ప్రశ్నింపవలెను.