బియ్యమూ అన్నమూ

ఇన్నేళ్ళూ జావాతోనే బతికినవాణ్ణి, ఈమధ్య క్లోజర్ పట్టుకున్నాను. రిచ్ హికీ 2007లో బయటికి తెచ్చిన ఈ భాష లిస్ప్ కుటుంబంలోది. మూడు వారాలు సాఫీగా నడిచిన బండి మాక్రోల దగ్గర ఆగింది.

నాకు అర్థమైన మేరకు చెబుతాను. ఫంక్షన్‌కి మనం అన్నం పెడతాం, మాక్రోకి బియ్యం ఇస్తాం. రెండూ మూడూ కూడమని రాసి ఫంక్షన్‌కి ఇస్తే దాని చేతికి అందేది 5. మాక్రోకి ఇస్తే ఆ రాత బ్రాకెట్లతో సహా అలాగే అందుతుంది. బియ్యం గనక రుబ్బుకోవచ్చు, వండకుండా పక్కనా పెట్టుకోవచ్చు. క్లోజర్‌లో ‘అండ్’ మాక్రో అయింది అందుకే. మొదటి షరతు తప్పితే రెండోదాని జోలికి పోకూడదు కదా, ఫంక్షనైతే అన్నిటినీ ముందే వండేసేది. లిస్ప్‌కి మాక్రోలు ఉండాలని ఎంఐటీలో తిమొతీ హార్ట్ ప్రతిపాదించింది 1963లో. అరవై ఏళ్ళు దాటినా ఈ ఆలోచన నాకు కొత్తగానే ఉంది.

నా మొదటి మాక్రో ‘రెట్టింపు’. ముందు ప్లస్, తర్వాత ఇచ్చినదాన్నే రెండుసార్లు పెట్టి కోడ్ రాసిస్తుంది. 7 ఇస్తే 14 వచ్చింది, సంతోషించాను. తర్వాత ఫైల్లోంచి ఒక లైను చదివి అంకెగా మార్చే కోడ్ ఇచ్చాను. మొదటి లైన్లో 10, రెండో లైన్లో 25 ఉన్నాయి. 20 రావాలి, 35 వచ్చింది. గంటసేపు ఫైలునే అనుమానించాను. చివరికి మాక్రో రాసిచ్చిన కోడ్‌ని చూపించే ‘మాక్రోఎక్స్‌పాండ్’తో విప్పి చూస్తే, లైను చదవమనే మాట అక్కడ రెండుసార్లు ఉంది. మాక్రో నేను చెప్పిందే చేసింది.

చదివినదాన్ని ఒకసారి ఒక పేరుకి కట్టి, ఆ పేరునే రెండుసార్లు వాడితే సరిపోయింది. ఆ పేరు చివర హ్యాష్ గుర్తు పెడితే ఇంకెవరి పేరుతోనూ కలవని కొత్త పేరును క్లోజరే పుట్టిస్తుంది. పేర్లు ఇలా కలిసిపోవడం ఎంత పెద్ద చిక్కంటే, 1986లో కోల్‌బెకర్ అనే పరిశోధకుడు, మరో ముగ్గురు కలిసి దాని మీదే ఒక పరిశోధన పత్రం రాశారు.

అసలు రెట్టింపు చెయ్యడానికి మాక్రో అక్కర్లేదు, ఫంక్షన్ చాలు. ఫంక్షన్‌తో అయ్యే పనికి మాక్రో రాయడం తప్పనే అంటాను.

ఇప్పుడు ముందుగా నోటుపుస్తకంలో రెండు వరుసలు రాసుకుంటున్నాను. పైన నేను రాయాలనుకున్నది, కింద అది విప్పితే రావలసినది. కింది వరుస చేత్తో రాయలేని రోజు మాక్రో మొదలుపెట్టడం లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మీరూ ఆ కింది వరుస ముందు రాసి చూడండి.