తెలుగు బైబిలున సమాధాన శబ్దము

క్రైస్తవ కావ్యమనగనే అందలి శాంతిని మన యాలంకారికుల శాంతరసముతో సమన్వయింప బూనుట విమర్శకునకు సులభమైన మార్గము. 1964 లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి నందిన జాషువ క్రీస్తుచరిత్రను పాఠము చెప్పునపుడు నేనును కొన్నియేండ్లు ఆ మార్గముననే నడచితిని. తెలుగు బైబిలులోని యొక చిన్న పదము ఆ సమన్వయమునకు అడ్డు వచ్చినది. ఆ పదము ‘సమాధానము’.

వాడుకలోనున్న తెలుగు అనువాదమున, యోహాను సువార్త పదునాలుగవ అధ్యాయమందు క్రీస్తు శిష్యుల కొసగు దానికి ‘శాంతి’ యని పేరు. ఆ వీడ్కోలు సంభాషణమే పదునారవ అధ్యాయమున ముగియుచోట అది ‘సమాధానము’. ఇరువదవ అధ్యాయమునను సమాధానమే. మూడు తావులందును గ్రీకు మూలమున ‘ఐరేనే’ యను నొక్కటే శబ్దము కలదు. రోమీయులకు, ఎఫెసీయులకు, ఫిలిప్పీయులకు వ్రాయబడిన పత్రికలలోని ప్రసిద్ధస్థలములందును అనువాదకులు సమాధానమునే గ్రహించిరి. తుఫాను అణగిన పిమ్మట సరస్సున నేర్పడిన స్థితికి మాత్రము మార్కు సువార్తలో ‘నిమ్మళము’ అను మాట వాడిరి. అచట గ్రీకుపదమును వేఱే. నీటికి నిమ్మళము, మనుష్యునకు సమాధానము. ఈ వివేకము గమనింపదగినది.

‘శమ్’ ధాతువునకు అణగుట ముఖ్యార్థము. సమాధానమన్ననో, చక్కగా కూర్చి నిలుపుట. ఐరేనే శబ్దమునకు వెనుకనున్న హీబ్రూ ‘షాలోము’నకు సంపూర్ణత, కొఱత లేమి యని యర్థము గనుక, చెదరినదానిని కూర్చుట యను భావమే దానికి సమీపతరము. వేదాంతులును శమాదిషట్కమున శమమును, సమాధానమును వేర్వేరుగనే లెక్కించిరి. ఇక వ్యవహారమున ఈ మాటకు ప్రశ్నకు బదులని యొక యర్థము. కలహించినవారు తిరిగి కలియుటకు ‘సమాధానపడుట’ యని మఱియొక వాడుక. ఈ రెండును బైబిలు పాఠకుని చెవిలో మ్రోగుచునే యుండును. సుబోధత కొఱకని అంతటను ‘శాంతి’ యని దిద్దినచో ఈ సంపద పోవునని నా యభిప్రాయము.

శాంతరసమునకు స్థాయి నిర్వేదమని మమ్మటుడు, శమమని విశ్వనాథుడు, తత్త్వజ్ఞానమని అభినవగుప్తుడు చెప్పిరి. పక్షము లెన్నియైనను, చిత్తక్షోభ తొలగుట అందఱికిని సమ్మతము. యోహాను ఇరువదవ అధ్యాయమును చూడుడు. శిష్యులు భయముచే తలుపులు మూసికొని యున్నారు. పునరుత్థితుడైన క్రీస్తు వారి నడుమ నిలిచి సమాధానము పలుకుచున్నాడు. పలికిన వెంటనే గాయపడిన చేతులను, ప్రక్కను చూపుచున్నాడు. గాయము మాయలేదు. వెలుపలి యపాయమును తీరలేదు. పదునారవ అధ్యాయమునను సమాధానము, లోకమున కలుగబోవు శ్రమ, ఒకే వాక్యసముదాయమున ప్రక్కప్రక్కనే యున్నవి. దీనిని నిర్వేదమనుట యెట్లు?

ఈ భేదము గ్రంథములకే పరిమితము కాదు. ఫాదర్ హయ్యరు గుంటూరునుండి 1849 లో గురజాలకు వచ్చి పల్నాట లూథరను సువార్త నారంభించెను. తరువాతి తరములలో ఆ మతమును స్వీకరించినవారిలో పెక్కురు కూలిపనులతో బ్రతుకు నిరుపేదలు. విడుచుటకు ఏమియు లేనివానికి విరక్తిని బోధించుట పరిహాసమగును. మన కాలముననే బెల్లంకొండ మండలమున కొల్లూరు మొదలగు గ్రామములు పులిచింతల జలాశయపు ముంపునకు గుఱియైనవి, కుటుంబములు తరలిపోవలసివచ్చినవి. ఒకనాడు వజ్రపుగనులకు పేరొందిన కొల్లూరది! ఇల్లు నీటిపాలైనవాడు ప్రార్థనలో సమాధానము నడుగునపుడు ఇంటిపై మమకారము నశింపవలెనని కోరడు. చెదరిన బ్రతుకు కూడవలెనని, తన మొఱకు బదులు రావలెనని కోరును.

వినుకొండలో 1895 లో జన్మించిన జాషువకు ఈ కోరిక క్రొత్తది కాదు. 1941 నాటి గబ్బిలమున అస్పృశ్యుడైన నాయకుడు గబ్బిలముచేత కాశీలోని శివునకు సందేశము పంపుటయు సమాధానము కోరుటయే గదా! దేవుడు వేఱు, గ్రంథము వేఱు. అడుగు తీరు మాత్ర మొక్కటే. కావున క్రీస్తుచరిత్రకు శాంతము అంగిరసమని తీర్మానించుటకు తొందరపడరాదు. కరుణ అంగియై, దానిని అణపక నిలుచు సమాధానము అందు భావరూపమున నున్నదనుట నాకు యుక్తముగ తోచుచున్నది. కవి యెచట శాంతి యనెనో, ఎచట సమాధానమనెనో, అందు ఛందోనిర్బంధము పాలెంతయో పద్యపద్యమును పరిశీలించి తేల్చవలసియున్నది. ఆ పని పరిశోధక విద్యార్థు లెవరైన చేపట్టుదురుగాక.